ముందు గాలి, తర్వాతే గ్యాస్

పెద్ద ఏసీ యూనిట్‌ను మొదటిసారి ఆన్ చేసే రోజు టెక్నీషియన్ బ్యాగులోంచి ముందుగా బయటపడేది గేజ్ మానిఫోల్డ్, అంటే హోస్‌లు తగిలించి గ్యాస్ ప్రెషర్ చూసే పరికరం. నీలం హోస్ సక్షన్‌కి (గ్యాస్ కంప్రెసర్‌లోకి వెళ్లే పైపు), ఎర్ర హోస్ లిక్విడ్ లైన్‌కి (ద్రవంగా మారిన గ్యాస్ వెళ్లే పైపు) తగిలిస్తాడు. ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి "కొంచెం తక్కువుంది, వేద్దాం" అంటాడు. పక్కనున్న సిలిండర్ తలకిందులవుతుంది. కాసేపటికి గ్రిల్ దగ్గర చల్లగాలి తగులుతుంది, అందరూ తలలూపుతారు, సంతకాలు అయిపోతాయి.

ముల్లు చూసి గ్యాస్ వేయడమనేది స్టార్టప్ రోజు జరిగితే అన్నిటికంటే చివర జరగాలి, చాలాసార్లు అసలు జరగాల్సిన అవసరమే ఉండదు అన్నది నా వాదన. పైపుల పొడవు లెక్కగట్టి, తూకం వేసి ఎక్కించే గ్యాస్ సంగతి వేరు, అది ముందే జరగాలి. నేను తప్పుపడుతున్నది "కొంచెం తక్కువుంది" అనే ఆ తీర్పును. గాలి ఎంత పారుతోందో, మోటార్లు ఎటు తిరుగుతున్నాయో, కంప్రెసర్ ఫుల్ లోడ్‌లో ఉందో లేదో తెలియకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

"చల్లగా వస్తోందిగా, ఇంకేం కావాలి?" అనేది మామూలుగా వచ్చే జవాబు. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, ఈ రోజుల్లో కమర్షియల్ యూనిట్లలో ఎక్కువగా ఉండే థర్మోస్టాటిక్ లేదా ఎలక్ట్రానిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (చల్లబరిచే కాయిల్‌లోకి ఎంత లిక్విడ్ వెళ్లాలో నియంత్రించేది) తప్పుల్ని బాగా దాచిపెడుతుంది. కాయిల్ చివర సూపర్‌హీట్‌ను, అంటే మరిగిన గ్యాస్ ఆపైన ఎంత వేడెక్కిందన్నదాన్ని, ఒక స్థాయిలో నిలపడం దాని పని. గ్యాస్ కొంత తక్కువైతే అది ఇంకాస్త తెరుచుకుని సర్దుకుపోతుంది. ఎక్కువైతే కాస్త మూసుకుంటుంది, మిగిలిన లిక్విడ్ వెనక్కి వెళ్లి కండెన్సర్‌లో (వేడిని బయటికి వదిలే కాయిల్) పేరుకుంటుంది. రెండు సందర్భాల్లోనూ గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. ఎక్కువ గ్యాస్ వేసిన యూనిట్ మామూలు రోజుల్లో కరెంటు ఎక్కువ తాగుతూ నడిచిపోయి, ఎండలు ముదిరిన రోజు మధ్యాహ్నం హై ప్రెషర్ మీద ట్రిప్ అవుతుంది. తక్కువ వేసింది కూడా సరిగ్గా ఆ రోజే చేతులెత్తేస్తుంది. అప్పటికి స్టార్టప్ చేసినవాళ్లు ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు.

గ్యాస్ సరిగ్గా ఉందా లేదా అన్నది ప్రెషర్ ఒక్కటే చెప్పలేదు, ప్రెషర్, ఉష్ణోగ్రత కలిపి చెబుతాయి. ఏసీల్లో వాడే ఆర్-410ఏ అనే గ్యాస్‌ను తీసుకుందాం. సక్షన్ ప్రెషర్ 118 పీఎస్ఐ ఉంటే కాయిల్ లోపల గ్యాస్ దాదాపు 4.4 డిగ్రీల దగ్గర మరుగుతోందన్నమాట. అదే చోట సక్షన్ పైపు మీద క్లాంప్ పెడితే 10 డిగ్రీలు చూపించిందనుకోండి. తేడా 5.6. అది సూపర్‌హీట్. లిక్విడ్ చుక్కలు కంప్రెసర్‌లోకి వెళ్లడం లేదనడానికి, కాయిల్ మొత్తం పనిచేస్తోందనడానికి అదే గుర్తు. అటు లిక్విడ్ లైన్‌లో 365 పీఎస్ఐ ఉంటే కండెన్స్ అయ్యే ఉష్ణోగ్రత 43.3 డిగ్రీలు. పైపు 37 దగ్గర ఉంటే సబ్‌కూలింగ్ 6.3. అంటే కండెన్సర్ అడుగున లిక్విడ్ తగినంత నిలిచి, వాల్వ్ దాకా బుడగల్లేకుండా చేరేంత చల్లబడి వస్తోంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న యూనిట్‌లో ఛార్జ్ (సిస్టమ్‌లో ఉన్న గ్యాస్ మొత్తం) సంగతి చెప్పేది ప్రధానంగా ఈ రెండో అంకె. క్యాపిలరీ, పిస్టన్ లాంటి కదలని ఆరిఫిస్ (సైజు మారని సన్న రంధ్రం) ఉన్నవాటిలో మాత్రం మొదటిది.

ఈ రెండూ తెలిసినవాళ్లు కూడా తప్పు చేసేది ఎక్కడంటే, ఆ అంకెలు నిజం చెప్పే పరిస్థితి వచ్చిందో లేదో చూసుకోకపోవడం దగ్గర.

ఆన్ చేయడానికి ముందున్న పనుల్లో కొన్నిటిని త్వరగా దాటేస్తాను, అందరికీ తెలిసినవే. బ్రేజింగ్ (పైపులు వేడిచేసి అతకడం) చేస్తున్నంతసేపూ పైపులో నైట్రోజన్ సన్నగా పారాలి, లేకపోతే లోపల నల్లటి పొట్టు ఏర్పడి తర్వాత వాల్వ్ స్ట్రెయినర్‌లో ఇరుక్కుంటుంది. ప్రెషర్ టెస్ట్ డ్రై నైట్రోజన్‌తోనే, ఆక్సిజన్‌తో ఎన్నడూ కాదు. ఆయిల్‌తో కలిసిన ఆక్సిజన్ ప్రెషర్ కింద పేలుతుంది. టెస్ట్ పెట్టిన వేళ ఉష్ణోగ్రత ఎంతో రాసుకోవాలి. మధ్యాహ్నం 40 బార్ కట్టి, తెల్లవారుజామున పది డిగ్రీలు తక్కువున్నప్పుడు చూస్తే లీక్ ఏమీ లేకుండానే 1.3 బార్ దాకా పడిపోయి కనబడుతుంది. దాన్ని చూసి లీక్ అని కంగారుపడి ఫ్లేర్ నట్లన్నీ మళ్లీ మళ్లీ బిగించి, నిజంగానే లీక్ తెచ్చుకున్నవాళ్లున్నారు.

వ్యాక్యూమ్ దగ్గర, అంటే పైపుల్లోని గాలినీ తడినీ పంప్‌తో లాగేసే పని దగ్గర, మాత్రం కాస్త ఆగాలి. దీన్ని కొలిచేది మైక్రాన్లలో, వాతావరణ పీడనం 7,60,000 మైక్రాన్లు. మనం దిగాల్సింది 500కి, వీలైతే ఇంకా కిందికి. 500 మైక్రాన్ల దగ్గర నీరు మైనస్ 24 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది కాబట్టి పైపులో తడి నిలవలేదు. మానిఫోల్డ్ మీదుండే మామూలు ముల్లు గేజ్‌కి 500కి, 5,000కి తేడా కనబడనే కనబడదు. "ముప్పావుగంట పంప్ నడిపాం సార్" అనే మాటకు అందుకే విలువ లేదు. ఎంతసేపు నడిచిందన్నది కాదు, పంప్‌ను వాల్వ్‌తో విడదీశాక మైక్రాన్ గేజ్ ఏం చేసిందన్నది చూడాలి. మెల్లగా 500 దాటి పెరిగి ఒకచోట నిలిచిపోతే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీక్. కాస్త పెరిగి 500 లోపే కదలకుండా కూర్చుంటే అప్పుడు గ్యాస్ గురించి ఆలోచించొచ్చు. ఇప్పటి యూనిట్లలో వాడే పాలీఓల్ ఎస్టర్ ఆయిల్ గాలిలోని తేమను లాగేసుకుంటుంది, ఒకసారి లాగాక వ్యాక్యూమ్‌కి అంత తేలిగ్గా వదలదు. పైపుల చివర్లు రోజుల తరబడి తెరిచి వదిలేసిన సైట్‌లో ఎంత మంచి పంప్ పెట్టినా తల ప్రాణం తోకకొస్తుంది. పంప్‌లో ఆయిల్ మార్చడం, సర్వీస్ పోర్ట్‌లోని కోర్‌లు (లోపలుండే చిన్న వాల్వ్‌లు) తీసేసి లావు హోస్ పెట్టడం, ఈ రెండు పనులూ ఖరీదైన పంప్ కొనడం కంటే ఎక్కువ సమయం ఆదా చేస్తాయి.

ఇంకొకటి, చాలామంది మరచిపోయేది, కంప్రెసర్ అడుగున ఉన్న ఆయిల్‌ను వెచ్చగా ఉంచే క్రాంక్‌కేస్ హీటర్. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఒక రోజంతా యూనిట్‌కి మెయిన్ సప్లై ఇచ్చి హీటర్ వెలగనివ్వమని తయారీదారులు ఊరికే చెప్పరు. ఆగి ఉన్న సిస్టమ్‌లో గ్యాస్ ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికి చేరుతుంది. చల్లటి కంప్రెసర్ అడుగున ఉన్న ఆయిల్‌లో కరిగి కూర్చుంటుంది. ఒక్కసారిగా స్టార్ట్ చేస్తే ప్రెషర్ పడి ఆ ఆయిల్ నురుగెత్తి బయటకు పోతుంది, బేరింగులు పొడిగా తిరుగుతాయి. కంప్రెసర్ ఆ రోజే చచ్చిపోదు, అదే దీనిలోని దొంగదెబ్బ. స్విచ్ వేసే ముందు కంప్రెసర్ అడుగుభాగం మీద చెయ్యి పెట్టి చూడండి. చుట్టూ ఉన్న ఇనుము కంటే గోరువెచ్చగా లేకపోతే స్విచ్ వేయకండి. ప్రారంభోత్సవానికి ఎవరొచ్చి కూర్చున్నా సరే.

ఇక నేను దగ్గరుండి చూసిన ఒక కేసు.

మేడ మీద పెట్టిన ప్యాకేజ్‌డ్ యూనిట్, రెండు సర్క్యూట్లు, స్క్రోల్ కంప్రెసర్లు, బెల్ట్‌తో నడిచే బ్లోయర్. ఆన్ చేయగానే రెండు కంప్రెసర్లూ గరగరమన్నాయి, ఆంప్స్ తక్కువ, ప్రెషర్లు కదల్లేదు. త్రీ ఫేజ్ స్క్రోల్ వెనక్కి తిరుగుతోందనడానికి ఇంతకంటే ఏం కావాలి? అక్కడున్నవాళ్లు వెంటనే కనిపెట్టి కాంటాక్టర్ల (కంప్రెసర్లకు కరెంటిచ్చే స్విచ్‌లు) దగ్గర రెండేసి వైర్లు మార్చారు. శబ్దం పోయింది, ప్రెషర్లు వచ్చాయి, గ్రిల్ నుంచి గాలి వచ్చింది. కానీ సక్షన్ తక్కువ. రెండు సర్క్యూట్లలోనూ తక్కువే. సిలిండర్ వచ్చింది. రెండిట్లోనూ గ్యాస్ వేశారు. సక్షన్ కొద్దిగా పెరిగినట్టే అనిపించింది గానీ హెడ్ ప్రెషర్ (కండెన్సర్ వైపు ప్రెషర్) చూస్తుండగానే ఎక్కిపోతోంది. ఇంకాస్త వేశారు.

అక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే సరిపోయేది. రెండు సర్క్యూట్లు, ఒకదాంతో ఒకటి కలవని రెండు పైపు వలయాలు, రెండిట్లోనూ ఒకేసారి, ఒకే కొలతలో గ్యాస్ ఎలా తగ్గుతుంది? రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: వాటి మీదుగా పోయే గాలి. బ్లోయర్ ప్యానెల్ తెరిస్తే చక్రం హౌసింగ్ మీదున్న బాణానికి ఎదురుగా తిరుగుతోంది. తప్పు మొదట్నుంచీ వచ్చే సప్లైలో ఉంది. ఫేజులు మారిపోయి వచ్చాయి కాబట్టి అన్ని మోటార్లూ వెనక్కే తిరిగాయి. వీళ్లు అరుస్తున్న కంప్రెసర్లను మాత్రం సరిచేశారు, అరవని బ్లోయర్ అలాగే ఉండిపోయింది. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్‌తో చిక్కే అది. వెనక్కి తిరిగినా గాలిని అటే నెడుతుంది, కాకపోతే బాగా తక్కువగా. గ్రిల్ కింద నిలబడ్డవాడికి తేడా తెలియదు సరికదా, గాలి తక్కువ కాబట్టి ఇంకా చల్లగా తగులుతుంది!

వచ్చే సప్లైలో రెండు ఫేజులు మార్చి, కాంటాక్టర్ల దగ్గర మార్చినవి మళ్లీ యథాస్థానంలో పెడితే సక్షన్ దానంతటదే చోటుకొచ్చింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, గాలి చేసిన తప్పు గ్యాస్ మీద పడింది. అయితే అప్పటికే వేసిన గ్యాస్ ఉందిగా. ఎంత వేశారో ఎవరూ తూచలేదు. రెండు సర్క్యూట్లనూ పూర్తిగా రికవరీ చేసి, వ్యాక్యూమ్ లాగి, నేమ్‌ప్లేట్ మీదున్న బరువు ప్రకారం మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో తూచి నింపి పంపిన యూనిట్‌కి ఇదంతా. (బ్లోయర్‌కి డ్రైవ్, అంటే మోటార్ వేగం మార్చే పరికరం, ఉంటే వచ్చే ఫేజుల వరుసతో సంబంధం ఉండదు, డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే వైర్లే దిశను నిర్ణయిస్తాయి. కాబట్టి కంప్రెసర్ సరిగ్గా తిరుగుతోంది గనక బ్లోయరూ సరిగ్గానే తిరుగుతుందనే ధీమా కూడా పనికిరాదు.)

అందుకే నా వరుస ఇది: కరెంటు, దిశ, గాలి, ఆ తర్వాతే గ్యాస్. కరెంటు అంటే వోల్టేజ్ ఉందా లేదా అని మాత్రమే కాదు, మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయా అని. 400, 408, 389 వచ్చాయనుకోండి. సగటు 399, దాన్నుంచి ఎక్కువ దూరంలో ఉన్నది 10 వోల్టులు, అంటే 2.5 శాతం అసమానత. చాలామంది ఏసీ తయారీదారులు 2 శాతం దాటొద్దంటారు. చూడటానికి చిన్న తేడాయే, కానీ మోటార్ వైండింగ్‌లో వేడి ఈ శాతం వర్గానికి రెట్టింపు చొప్పున పెరుగుతుందని మోటార్ల పనిలో ఒక లెక్క ఉంది. ఆ ప్రకారం 2.5 శాతానికి పన్నెండున్నర శాతం అదనపు వేడి.

గాలి విషయానికొస్తే, టన్నుకు నిమిషానికి 400 ఘనపుటడుగులు అనేది అందరూ మొదట పట్టుకునే అంకె. 20 టన్నుల యూనిట్‌కి 8,000. తేమ ఎక్కువగా లాగాల్సిన చోట 350 దాకా తగ్గిస్తారు. యూనిట్‌కి అసలు ఎంత కావాలన్నది డిజైన్ కాగితం చెప్పాలి. దీన్ని కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. స్టాటిక్ ప్రెషర్ (డక్ట్‌లో గాలి పీడనం) తీసి, బ్లోయర్ వేగం చూసి, తయారీదారు ఇచ్చిన ఫ్యాన్ పట్టికలో వెతికితే పనికొచ్చే అంచనా వస్తుంది. కొత్త భవనాల్లో కనబడేవి మరీ చిన్న కారణాలు. ఫిల్టర్ మీద ప్లాస్టిక్ కవర్ తీయలేదు, సీలింగ్ పనివాళ్ల దుమ్ముతో ఫిల్టర్ మూసుకుపోయింది, ఎక్కడో ఫైర్ డ్యాంపర్ మూసే ఉంది. వీటిలో ఏది జరిగినా గేజ్ మీద ముల్లు చెప్పేది ఒకే మాట: సక్షన్ తక్కువ.

అదే ఆర్-410ఏ, రెండు యూనిట్లు, రెండిట్లోనూ సక్షన్ సుమారు 101 పీఎస్ఐ, అంటే కాయిల్ సున్నా డిగ్రీల దగ్గర. మొదటిదాన్లో సక్షన్ పైపు 14 డిగ్రీలు, సబ్‌కూలింగ్ ఒక డిగ్రీ. రెండోదాన్లో సక్షన్ పైపు 3 డిగ్రీలు, సబ్‌కూలింగ్ 7. మొదటిదాన్లో గ్యాస్ తక్కువ, కాయిల్ సగం ఖాళీ. రెండోదాన్లో గ్యాస్ సరిగ్గానే ఉంది, దాన్ని మరిగించేంత వేడి తెచ్చే గాలే లేదు, ఇంకాసేపట్లో కాయిల్ మంచు కడుతుంది. గేజ్ ఒక్కటే చూసేవాడు ఇద్దరికీ ఒకే మందు ఇస్తాడు. మూడో రకం కూడా ఉంది. సక్షన్ తక్కువ, సూపర్‌హీట్ ఎక్కువ, కానీ సబ్‌కూలింగ్ బాగానే ఉంది. అంటే గ్యాస్ ఉంది, దారి మూసుకుపోయింది. ఫిల్టర్ డ్రయర్‌కి (లిక్విడ్ లైన్‌లో చెత్తనూ తడినీ పట్టే డబ్బా) ముందు, వెనక క్లాంప్ పెడితే ఉష్ణోగ్రతలో తేడా దొరుకుతుంది. ఇక్కడ గ్యాస్ వేస్తే అది నేరుగా కండెన్సర్‌లోకి చేరి హెడ్ ప్రెషర్ పెంచడం తప్ప చేసేదేమీ లేదు.

సైట్ గ్లాస్‌లో (లోపలి లిక్విడ్ కనబడేలా పైపుకు పెట్టిన గాజు కన్ను) బుడగలు పోయేదాకా వేయడం ఇంకో పాత అలవాటు. బయట చల్లగా ఉన్నప్పుడు, లోడ్ మారుతున్నప్పుడు, గ్యాస్ సరిగ్గా ఉన్నా బుడగలు కనబడొచ్చు. గ్లాస్ తేటగా ఉందంటే గ్యాస్ ఎక్కువ లేదని అర్థమా? కాదు. రెట్టింపు వేసినా తేటగానే ఉంటుంది. అందులోని తేమ సూచిక రంగు చూడటానికి సైట్ గ్లాస్ నాకిష్టమే, ఛార్జ్ తీర్పుకు మాత్రం దాన్ని పిలవను.

ఇప్పుడు అంకెల భక్తుల సంగతి. సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ నేర్చుకున్నాక కొందరు ఆ అంకెల్ని ఎప్పుడు పడితే అప్పుడు కొలిచి గ్యాస్ సరిచేస్తుంటారు. ముల్లు చూసి వేసేవాళ్ల కంటే వీళ్లు నయమే, కానీ చాలా కాదు. కదలని ఆరిఫిస్ ఉన్న యూనిట్లకు పనిలో వాడే ఒక సూత్రం ఉంది, ఫారన్‌హీట్‌లో: లోపలి వెట్ బల్బ్‌ను (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రత) మూడు రెట్లు చేసి, అందులోంచి 80 తీసి, బయటి ఉష్ణోగ్రత తీసి, సగం చేస్తే ఉండాల్సిన సూపర్‌హీట్ వస్తుంది. లోపల వెట్ బల్బ్ 67, బయట 95 ఉంటే 13 డిగ్రీలు. బయట 80కి పడితే అదే యూనిట్‌లో, అదే గ్యాస్‌కి 20.5 రావాలి. పొద్దున చూసి "ఎక్కువుంది" అని గ్యాస్ వేసినవాడు మధ్యాహ్నానికి కంప్రెసర్‌కి లిక్విడ్ పంపిస్తుంటాడు. యంత్రం మారలేదు, గ్యాస్ మారలేదు, మారింది ఎండ.

కమర్షియల్ యూనిట్లలో ఇది ఇంకా ముదురుతుంది. ఏ సర్క్యూట్‌కా సర్క్యూట్‌ను విడిగా ఫుల్ లోడ్‌లో నడపాలి. చల్లదనాన్ని తగ్గించే అన్‌లోడర్లు, హాట్ గ్యాస్ బైపాస్ పక్కన పెట్టాలి, బయటి గాలి తెచ్చే డ్యాంపర్ మూయాలి, డ్రైవ్ డిజైన్ వేగం దగ్గర ఆపాలి, కండెన్సర్ ఫ్యాన్లన్నీ తిరుగుతుండాలి. ఒక ఫ్యాన్ ఆగుతూ, తిరుగుతూ ఉంటే హెడ్ ప్రెషర్ ఎగిరి దూకుతూ ఉంటుంది, ఆ మధ్యలో చూసిన సబ్‌కూలింగ్‌కి అర్థం లేదు. అన్నీ కుదిరాక పదిహేను, ఇరవై నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా ఉండాలి. ఈ ఊరికే ఉండటమే అందరికీ కష్టం.

ఇంతా చేసి, కొత్త భవనంలో మనుషులు ఉండరు, లైట్లు ఉండవు, కంప్యూటర్లు ఉండవు. లోడ్ ఏది? చలికాలంలో హ్యాండోవర్ అయితే బయట కూడా చల్లన. అలాంటి రోజు అంకెలు చూసి ఛార్జ్ దిద్దడం కంటే తూకం ప్రకారం వేసి, నిజమైన లోడ్ వచ్చాక మళ్లీ వస్తామని కాగితం మీద రాయడమే నిజాయితీ అని నా ఉద్దేశం. ఇలా రాస్తే హ్యాండోవర్ ఆగిపోతుందని కాంట్రాక్టర్లు భయపడతారు. ఆగనక్కర్లేదు. స్టార్టప్ ఈ రోజు, ఛార్జ్ ధ్రువీకరణ వేసవిలో అని ఒప్పందంలోనే రెండుగా పెట్టుకుంటే సరి.

వీఆర్ఎఫ్ (ఒక అవుట్‌డోర్ యూనిట్‌కి చాలా ఇండోర్ యూనిట్లు ఉండే ఏసీ) దగ్గర ఈ చర్చ దాదాపు ముగిసిపోతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం మారుతూ, ఒక్కో ఇండోర్ యూనిట్‌లో వాల్వ్ దాని ఇష్టాన తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే గేజ్ చూసి ఏం చెబుతారు? అక్కడ త్రాసే దేవుడు. లిక్విడ్ పైపు ఏ సైజు ఎన్ని మీటర్లుందో కొలిచి, తయారీదారు పట్టిక ప్రకారం అదనపు గ్యాస్ లెక్కగట్టాలి. ఆర్-410ఏ అయితే 9.52 మి.మీ. పైపుకు మీటరుకు సుమారు 0.06 కిలో, 12.7 మి.మీ. పైపుకు 0.12 దగ్గర ఉంటుంది. చిన్నది 30 మీటర్లు, పెద్దది 40 మీటర్లు ఉంటే 1.8, 4.8 కలిపి 6.6 కిలోలు. తప్పు జరిగేది గుణకారంలో కాదు, మీటర్లలో. డ్రాయింగ్‌లో ఉన్న పొడవు వేరు, సీలింగ్ పైన బీమ్ అడ్డొచ్చి తిప్పుకెళ్లిన పొడవు వేరు. సీలింగ్ మూసేశాక ఆ రెండో అంకె ఎవరూ చెప్పలేరు. పైపు వేసే రోజే రాసుకోవాలి.

పైపు ఎటు ఎక్కుతోందన్నదీ లెక్కలోకి వస్తుంది. కండెన్సర్ కింది అంతస్తులో, కాయిల్ పై అంతస్తులో ఉంటే లిక్విడ్ తన బరువు తానే మోసుకుంటూ ఎక్కాలి. ఆర్-410ఏ లిక్విడ్ సాంద్రత నీటికి దగ్గరే కాబట్టి మీటరుకు 0.1 బార్ చొప్పున పోతుంది. ఇరవై మీటర్లకు 2 బార్లు. కండెన్సింగ్ ఉష్ణోగ్రతల దగ్గర దానికి దాదాపు 3 డిగ్రీల సబ్‌కూలింగ్ ఖర్చు. కింద కండెన్సర్ దగ్గర 6 ఉందని సంతోషించినవాడికి పైన వాల్వ్ దగ్గర మిగిలేది మూడు, పైపులో రాపిడికి పోయేది ఇంకొంత.

కొలిచే పనిముట్ల గురించి రెండు ముక్కలు. మెరిసే రాగి పైపు మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ చూపించే ఉష్ణోగ్రతను నమ్మకండి, ఆ పైపు చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పి పంపుతుంది. పైపు తుడిచి, క్లాంప్ గట్టిగా పట్టేలా పెట్టి, పైన ఇన్సులేషన్ చుట్టాలి. డిజిటల్ మానిఫోల్డ్‌లో ఏ గ్యాస్ ఎంచుకున్నారో చూసుకోవాలి. ఆర్-32 యూనిట్‌కి ఆర్-410ఏ పెట్టి చూస్తే డిగ్రీ దగ్గర తేడా వస్తుంది, అది సర్దుకోవచ్చు. కానీ ఆర్-407సీ లాంటి మిశ్రమంలో ఒకే ప్రెషర్ దగ్గర మరగడం మొదలయ్యే ఉష్ణోగ్రతకి, పూర్తయ్యే ఉష్ణోగ్రతకి 5, 6 డిగ్రీల దూరం ఉంటుంది. సూపర్‌హీట్‌కి డ్యూ పాయింట్ (మరగడం పూర్తయ్యేది), సబ్‌కూలింగ్‌కి బబుల్ పాయింట్ (మొదలయ్యేది) తీసుకోవాలి. తారుమారైతే అసలు లేని సూపర్‌హీట్ కూడా లెక్కలో ఉన్నట్టు కనబడుతుంది. మిశ్రమాల్ని సిలిండర్‌లోంచి లిక్విడ్‌గానే తీయాలన్న సంగతి చెప్పక్కర్లేదనుకుంటా.

అనుభవం ఉన్నవాళ్లు ఇదంతా చదివి నవ్వుకుంటారని తెలుసు. పైపు మీద చెయ్యి పెట్టి చెప్పేస్తాం, ఇన్నేళ్లుగా నడుస్తున్నాయి అంటారు. చేతి అనుభవాన్ని నేను తక్కువ చేయను. డ్రయర్ మూసుకుపోయిందని, కంప్రెసర్ అడుగు చల్లగా ఉందని, బెల్ట్ జారుతోందని చెయ్యీ చెవీ పట్టేసినంత త్వరగా మీటర్ పట్టదు. కానీ సబ్‌కూలింగ్ 6 ఉందా 11 ఉందా అన్నది ఏ చెయ్యీ చెప్పలేదు. ఇప్పటి మైక్రోఛానల్ కండెన్సర్లలో లోపలి జాగా చాలా తక్కువ, పాత రాగి గొట్టాల కండెన్సర్ మౌనంగా మింగేసే కొన్ని వందల గ్రాములు కూడా ఇక్కడ హెడ్ ప్రెషర్‌ని గట్టిగా ఎత్తేస్తాయి. పాత యంత్రాలు క్షమించేవి. ఇవి క్షమించవు.

ఇంకా పెద్ద మార్పు గ్యాసుల్లోనే వచ్చింది. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ తర్వాత ప్రపంచమంతా వేడిమి ప్రభావం తక్కువున్న గ్యాసుల వైపు జరుగుతోంది. కార్బన్ డయాక్సైడ్ ప్రభావాన్ని 1 అనుకుంటే ఆర్-410ఏ విలువ 2,088, ఆర్-32ది 675. అమెరికాలో 2025 నుంచి కొత్త ఏసీ యూనిట్లలో ఎక్కువ రకాలకు 700 పరిమితి పెట్టారు. ఈ పరిమితిలో ఇమిడే ఆర్-32, ఆర్-454బీ స్వల్పంగా మండే రకం. అందుకే లీక్ అయితే గాలిలో ఎంత శాతం చేరుతుందో చూసి, గది వైశాల్యాన్ని బట్టి సిస్టమ్‌లో ఎంత గ్యాస్ ఉండొచ్చో లెక్కగడతారు. ముల్లు చూసి "ఇంకో కిలో వేద్దాం" అన్న మాట ఇక్కడ కరెంటు బిల్లు దగ్గర ఆగదు, ఆ భద్రత లెక్క మొత్తాన్నీ చెడగొడుతుంది. తూచకుండా గ్యాస్ వేసే అలవాటుకి ఇంక సాకులేమీ మిగల్లేదు.

కాబట్టి నేను సంతకం పెట్టే ముందు అడిగే కాగితం మీద ఒక్కో సర్క్యూట్‌కి ఫ్యాక్టరీ ఛార్జ్ ఎంత, అదనంగా తూచి వేసింది ఎంత, వ్యాక్యూమ్ ఎక్కడ నిలిచింది, మూడు ఫేజుల వోల్టేజ్, ఆంప్స్, స్టాటిక్ ప్రెషర్, లోపలి డ్రై బల్బ్, వెట్ బల్బ్, బయటి ఉష్ణోగ్రత, రెండు ప్రెషర్లు, రెండు పైపు ఉష్ణోగ్రతలు ఉండాలి. సూపర్‌హీట్ 6, సబ్‌కూలింగ్ 6 అని రెండు అంకెలు మాత్రం రాసి, బయట ఎండ ఎంతుందో రాయని షీట్‌ను వెనక్కి పంపిస్తాను. ఈ కాగితం ఉంటే తర్వాత సర్వీస్‌కి వచ్చినవాళ్లు ప్రతిసారీ గేజ్ తగిలించాల్సిన పని కూడా తప్పుతుంది. గాలి ఉష్ణోగ్రతలు, పైపు ఉష్ణోగ్రతలు, ఆంప్స్ పాత అంకెలకు దగ్గరగా ఉంటే పోర్ట్ తెరవక్కర్లేదు. హోస్ తగిలించి తీసిన ప్రతిసారీ కొంచెం గ్యాస్ పోతుంది, అజాగ్రత్తగా చేస్తే కొంచెం గాలి లోపలికి వెళుతుంది. ఆఖరిగా ఆ పోర్ట్ క్యాపులు తిరిగి బిగించారో లేదో కూడా అదే షీట్‌లో ఒక గడిగా పెట్టమంటాను. లోపలి కోర్ కొద్దిగా కారినా ఆపేది ఆ క్యాపే, మేడ మీద ఎక్కువగా మాయమయ్యేదీ అదే.